గోల్డ్‌ఫిష్ పైకొచ్చి నోరు తెరుస్తుంటే: మందు సీసా పక్కన పెట్టి ముందు నీళ్లు చూడండి

ప్రశ్న: మాది హైదరాబాద్. పాప పుట్టినరోజుకి రెండడుగుల ట్యాంకు, నాలుగు గోల్డ్‌ఫిష్‌లు కొని 18 రోజులైంది. ప్రతి ఆదివారం నీళ్లన్నీ తీసేసి రాళ్లు, ఫిల్టర్ స్పాంజి కుళాయి కింద శుభ్రంగా కడుగుతున్నాం. నిన్న పొద్దున ఒకటి చనిపోయింది. మిగతా మూడూ పైకొచ్చి నోరు తెరిచి మూస్తున్నాయి. తోకల్లో ఎర్రటి గీతలు. ఒకదానికి చెంపల మీద, ముందు రెక్కల అంచున తెల్ల చుక్కలున్నాయి. షాపతను తెల్లమచ్చ జబ్బు అన్నాడు. నీలం మందు పోయమంటే పోశాం. ఇప్పుడు టెట్రాసైక్లిన్ క్యాప్సూల్ వేసి, హీటర్ 32 డిగ్రీలకి పెట్టమంటున్నాడు. పాప ఒకటే ఏడుపు. ఏం చేయమంటారు?

జవాబు:

ముందు ఈ రాత్రికి చేయాల్సింది చెప్తాను, కారణాలు తర్వాత మాట్లాడుకుందాం.

హీటర్ పెట్టకండి. క్యాప్సూల్ వేయకండి. రెండు రోజులు మేత కూడా వేయకండి, గోల్డ్‌ఫిష్ వారం పస్తున్నా చావదు. రెండు మూడు బకెట్లలో నీళ్లు పట్టి, నీళ్లలోని క్లోరిన్‌ని పోగొట్టే యాంటీ క్లోరిన్ చుక్కలు సీసా మీద రాసినంత వేసి, ట్యాంకులో సగం నీళ్లు తీసేసి ఇవి పోయండి. పోసేముందు ఒక చెయ్యి ట్యాంకులో, ఇంకో చెయ్యి బకెట్లో పెట్టి చూడండి. రెండిటికీ వెచ్చదనంలో తేడా తెలియకూడదు. మగ్గుతో నెమ్మదిగా పోయండి. ఎయిర్ పంపు పూర్తిగా తిప్పి పెట్టండి. రేపు పొద్దున మళ్లీ సగం మార్చండి. రాత్రిపూట చప్పుడవుతోందని ఫిల్టర్ ఆపే అలవాటుంటే ఇవాళ్టితో మానేయండి. స్పాంజిని మాత్రం ముట్టుకోవద్దు.

ఇప్పుడు ఎందుకో చెప్తాను. నేను పద్దెనిమిదేళ్లుగా చేపలు పెంచుతున్నాను. ఈ మధ్యలో ఎన్ని చంపానో లెక్క పెట్టుకోలేదు గానీ, వాటిలో ఎక్కువ భాగం జబ్బుతో పోలేదు. నేను పోసిన మందుతోనో, నేను సరిగ్గా చూడని నీళ్లతోనో పోయాయి. అందుకే ఎవరు ఫోటో పంపి "ఏం మందు వేయమంటారు" అని అడిగినా నేను ముందు నీళ్ల గురించే అడుగుతాను.

మీ ట్యాంకులో అన్ని చేపలకీ ఒకేసారి ఒకే ఇబ్బంది వచ్చింది. ఇది చాలా పెద్ద ఆనవాలు. పరాన్నజీవులు గానీ బ్యాక్టీరియా గానీ మామూలుగా ఒకదానితో మొదలై, నాలుగైదు రోజుల్లో రెండోదానికి, తర్వాత మూడోదానికి పాకుతాయి. బలహీనమైనది ముందు పడుతుంది, గట్టిది చివరిదాకా తిరుగుతుంది. అలా కాకుండా నిన్నటిదాకా బాగున్నవన్నీ ఇవాళ ఒక్కసారే పైకి తేలి రొప్పుతున్నాయంటే నేరం దాదాపు ఎప్పుడూ నీళ్లదే. ఆక్సిజన్ తగ్గిందా, క్లోరిన్ పడిందా, అమ్మోనియా పెరిగిందా అన్నదొక్కటే తేలాలి.

మీ విషయంలో అమ్మోనియా అని నా గట్టి అనుమానం. లెక్క చూడండి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అంటే రెండు ఘనపుటడుగులు, అంటే 56 లీటర్లు. పైన వదిలిన ఖాళీ, కింద రాళ్లు తీసేస్తే నికరంగా 45 లీటర్లు ఉంటాయి. అందులో నాలుగు గోల్డ్‌ఫిష్‌లు. గోల్డ్‌ఫిష్ తిండిపోతు. తిన్నదంతా మొప్పల గుండా, మలం గుండా అమ్మోనియాగా నీళ్లలోకే వదులుతుంది. మామూలు చెరువులోనో, కుదురుకున్న ట్యాంకులోనో అయితే ఆ అమ్మోనియాని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్‌తో అంత ప్రమాదం లేదు, నీళ్లు మారిస్తే పోతుంది. ఈ బ్యాక్టీరియా నీళ్లలో తేలుతూ ఉండదు. స్పాంజికి, రాళ్లకి, అద్దానికి అంటుకుని ఉంటుంది. అది కావలసినంత పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

మీరేమో ప్రతి ఆదివారం రాళ్లు, స్పాంజి క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్లతో కడిగేశారు. పాపం శుభ్రత కోసమే చేశారు. అంట్లు తోమినట్టు ట్యాంకు తోమితే ఆ బ్యాక్టీరియా మళ్లీ మొదటినుంచి పెరగాలి. మీ ట్యాంకు వయసు 18 రోజులు కాదు, పోయిన ఆదివారం నుంచి లెక్కేసుకోవాలి.

దీనికి హైదరాబాద్ నీళ్ల సంగతి కూడా తోడైంది. అపార్ట్‌మెంట్ సంపులో బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు, మున్సిపల్ నీళ్లు అన్నీ కలిసి ఉంటాయి. బోరు నీళ్లు ఎక్కువగా గడుసు నీళ్లు, అంటే కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్నవి. వాటి పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత) 8 దగ్గర తిరుగుతుంది. ఇది ఎందుకు ముఖ్యమంటే, నీళ్లలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి పెద్దగా హాని చేయనిది, ఇంకోటి నేరుగా మొప్పల్ని కాల్చేది. పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో నూటికి ఒక వంతు కూడా విషరూపంలో ఉండదు. పీహెచ్ 8 దగ్గర ఐదారు వంతులు ఉంటుంది. నీళ్లు వేడెక్కిన కొద్దీ ఇంకా పెరుగుతుంది. అంటే అదే మేత, అవే చేపలు, మెత్తటి నీళ్లున్న ఊళ్లో బతికిపోతాయి, మీ ఇంట్లో చస్తాయి. హీటర్ 32కి పెట్టమన్న సలహా నాకు ఎందుకు భయం పుట్టించిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. పైగా నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ పట్టే శక్తి కూడా తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరులో 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే 30 దగ్గర ఏడున్నర మాత్రమే కరుగుతుంది. గోల్డ్‌ఫిష్ చల్లటి నీళ్ల చేప. 18 నుంచి 24 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. మన ఎండాకాలమే దానికి ఎక్కువ, మళ్లీ హీటర్ ఎందుకు?

తోకల్లో ఎర్ర గీతలు కూడా ఈ కథలోనివే. అమ్మోనియా కాల్చినప్పుడు రెక్కల్లోని సన్నటి రక్తనాళాలు ఉబ్బి అలా కనబడతాయి. నీళ్లు బాగుపడితే నాలుగైదు రోజుల్లో పల్చబడతాయి. తగ్గకుండా ఒంటి మీద కూడా ఎర్రటి పుళ్లు లేచాయంటే అప్పుడు బ్యాక్టీరియా గురించి ఆలోచించాలి.

ఇవన్నీ ఊహలే కదా అంటారేమో. అవును, అందుకే రేపు అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్ టెస్ట్ కిట్ కొనండి. చుక్కల మందు కిట్ కొనండి, కాగితం పట్టీల మీద నాకు నమ్మకం తక్కువ. ఒక చిక్కుంది. నీలం మందు కలిసిన నీళ్లలో రంగు చూసి చెప్పే పరీక్ష తప్పుతుంది. కాబట్టి రెండుసార్లు నీళ్లు మార్చి, ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ (రంగుని పీల్చే బొగ్గు) సంచి పెట్టి నీలం పోయాక పరీక్ష చేయండి. కుళాయి నీళ్లకి విడిగా కూడా చేయండి. ఒక్కోసారి బోరు నీళ్లలోనే అమ్మోనియా ఉంటుంది, అది తెలియక జనం రోజూ మార్చి మార్చి ఇంకా పోస్తుంటారు. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. లీటరుకి 0.25 మిల్లీగ్రాములు (కిట్ మీద పీపీఎం అని ఉంటుంది) వస్తే జాగ్రత్త పడాలి. పీహెచ్ 8 నీళ్లలో అమ్మోనియా 1 దాటితే అది అత్యవసరమే.

నైట్రైట్ ఎక్కువున్నప్పుడు లక్షణాలు దాదాపు ఇలాగే ఉంటాయి గానీ ఒక తేడా ఉంటుంది. అది రక్తంలో ఆక్సిజన్ మోసే పదార్థాన్ని చెడగొడుతుంది. రక్తం కాఫీ రంగుకి తిరుగుతుంది, మొప్పలు ఎర్రగా ఉండాల్సింది గోధుమ రంగులో కనిపిస్తాయి. ఎయిర్ పంపు ఎంత తిప్పినా చేప రొప్పుతూనే ఉంటుంది. దీనికి ఉప్పు నిజంగా మంచి విరుగుడు. లీటరుకి ఒక గ్రాము చొప్పున, అంటే మీ ట్యాంకుకి 45 గ్రాములు, విడిగా మగ్గులో కరిగించి పోస్తే ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ని మొప్పల్లోకి పోనివ్వదు. కల్లుప్పు అయినా ఇంట్లో మెత్తటి ఉప్పు అయినా ఫరవాలేదు. అయోడిన్ ఉప్పు చేపల్ని చంపుతుందన్నది పాత అపోహ, ఆ కాస్త అయోడిన్‌తో ఏమీ కాదు. 

ఇక తెల్ల చుక్కలు. మీ ప్రశ్నలో నన్ను ఆపిన మాట ఇదే. చెంపల మీద, ముందు రెక్కల అంచున అన్నారు. తోక మీద, వీపు మీద లేవన్నమాట. ఒకసారి టార్చి వేసి దగ్గరగా చూడండి. చుక్కలన్నీ ఒకే సైజులో, మొప్ప మూత మీద వరసగా, ముందు రెక్కల మొదటి ముల్లు మీద రంపం పళ్లలా ఉన్నాయా? అయితే అది జబ్బు కాదు. అది మగ చేప, వయసుకొచ్చింది. గోల్డ్‌ఫిష్ మగవాటికి జత కట్టే కాలంలో అక్కడ తెల్లటి చిన్న బుడిపెలు లేస్తాయి, కొన్నాళ్లకి పోతాయి. పెళ్లీడుకొచ్చిన చేపకి తెల్లమచ్చల వైద్యం చేసి చంపిన ఇళ్లు నేను చాలా చూశాను. షాపు వాళ్లలో కూడా కొందరికి ఈ తేడా తెలియదు, తప్పు పట్టను, వాళ్లు రోజుకి వందల చేపల్ని చూస్తారు.

నిజం తెల్లమచ్చ జబ్బు ఎలా ఉంటుందో కూడా తెలుసుకోండి, ఎందుకంటే ఏదో ఒక రోజు అది మీ ఇంటికీ వస్తుంది. ఒంటి మీద, తోక మీద, ఎక్కడపడితే అక్కడ ఉప్పు చల్లినట్టు చుక్కలు. నిన్న ఐదుంటే ఇవాళ ఇరవై. చేప రాళ్లకేసి ఒళ్లు రుద్దుకుంటుంది, రెక్కలు ఒంటికి ముడుచుకుంటుంది. దీనికి కారణం ఇక్తియోఫ్తీరియస్ అనే ఏకకణ జీవి, ఆక్వేరియం వాళ్లు ముద్దుగా ఇచ్ అంటారు. మనకు కనిపించే చుక్క చర్మం కింద దూరి చేపని తింటున్న దశ. అక్కడ దాన్ని ఏ మందూ తాకదు. కడుపు నిండాక అది రాలి, అడుగున రాళ్లలో గుల్ల కట్టుకుని వందల కొద్దీ పిల్లలుగా చీలుతుంది. ఆ పిల్లలు ఈదుతూ ఒకటి రెండు రోజుల్లో చేపని పట్టుకోవాలి, లేకపోతే చస్తాయి. మందు పని చేసేది ఆ ఒక్క దశలోనే. అందుకే మూడో రోజుకి చుక్కలు మాయమయ్యాయని మందు ఆపేసినవాళ్లకి వారానికల్లా రెట్టింపు వస్తుంది. చుక్కలు రాలిపోవడం జబ్బు తగ్గడం కాదు, అది పిల్లలు పెట్టబోతోందని అర్థం. 25 డిగ్రీల దగ్గర ఈ చక్రం వారం లోపు తిరుగుతుంది, చల్లటి నీళ్లలో నెల కూడా పట్టొచ్చు. టెట్రాలు, గప్పీల లాంటి వేడి దేశపు చేపలకైతే రోజుకి ఒకటి రెండు డిగ్రీల చొప్పున 30 దాకా పెంచి చక్రాన్ని తొందర పెడతారు. మీ షాపతని 32 డిగ్రీల మాట అక్కడి నుంచి వచ్చిందే, కాకపోతే చేప తప్పు.

ఇచ్‌కి నేను మొదట వాడేది ఉప్పే. లీటరుకి 3 గ్రాములు, ఒక్కసారి కాకుండా రోజున్నరలో మూడు విడతలుగా. రెండు రోజులకోసారి అడుగున సైఫన్ పెట్టి మడ్డి తీసేస్తూ, చివరి చుక్క పోయాక కూడా నాలుగైదు రోజులు, మొత్తం రెండు వారాలు. నీళ్లు తీసినప్పుడు తీసిన నీళ్లకి సరిపడా ఉప్పే మళ్లీ వేయాలి. ఆవిరైన నీళ్లకి ఉప్పు కలపకూడదు, ఎందుకంటే ఉప్పు ఆవిరి కాదు. ఈ చిన్న పొరపాటుతో మా తమ్ముడు ట్యాంకుని దాదాపు సముద్రం చేశాడు. ఇంత ఉప్పుకి మొక్కలు మాడిపోతాయి, కోరిడోరాస్, లోచ్ లాంటి చేపలు తట్టుకోలేవు. అప్పుడు మలకైట్ గ్రీన్, ఫార్మలిన్ కలిసిన మందు సగం మోతాదులో వాడతారు. ఆ మందు పోసేటప్పుడు కిటికీ తీసి ఉంచండి, చేతికి గ్లౌజు వేసుకోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. తినే చేపలున్న చెరువులో అది ఎప్పుడూ పోయకూడదు.

క్యాప్సూల్ సంగతి. టెట్రాసైక్లిన్ అనే ఈ యాంటీబయాటిక్ కాల్షియంతో, మెగ్నీషియంతో కలిసిపోయి పనికిరాకుండా పోతుంది. మన గడుసు బోరు నీళ్లలో క్యాప్సూల్ విప్పి చల్లితే నీళ్లు పసుపుగా మారి నురగ వస్తుంది, చేప ఒంట్లోకి మాత్రం పెద్దగా పోదు. ఈలోగా స్పాంజిలో మీరు పెంచుకుంటున్న మంచి బ్యాక్టీరియాకి దెబ్బ తగులుతుంది. దాంతో అమ్మోనియా ఇంకా పెరుగుతుంది. యాంటీబయాటిక్ నిజంగా అవసరమైతే విడిగా బకెట్‌లోనో చిన్న డబ్బాలోనో, వీలైతే మేతలో కలిపి ఇవ్వాలి. అది కూడా ఏ జబ్బో తేలాక. నీలం మందు, అంటే మిథిలిన్ బ్లూ, చెడ్డది కాదు. గుడ్లకి బూజు పట్టకుండా, చిన్న గాయాలకి, విడి డబ్బాలో వాడటానికి చక్కటి మందు. ట్యాంకులో పోస్తే ఫిల్టర్ బ్యాక్టీరియాకి హాని, అద్దాల మధ్య సిలికాన్‌కి జన్మంతా నీలం రంగు.

ఇక్కడ నా సొంత కథ ఒకటి చెప్పాలి. మొదట్లో నా దగ్గర ఆరు ఏంజెల్ చేపలుండేవి. ఒకదాని మూతి చుట్టూ తెల్లటి దూది లాంటిది కనబడింది. బూజు అనుకున్నాను. తెలిసిన వాళ్లని అడిగితే ఫంగస్‌కి వేడి మంచిదన్నారు. హీటర్ 31కి పెట్టి పడుకున్నాను. మూడో రోజుకి ఆరూ పోయాయి. అది బూజు కాదు, కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా జబ్బు. దానికి వేడంటే ప్రాణం, నీళ్లు వేడెక్కిన కొద్దీ గంటల లెక్కన పాకుతుంది. నిజమైన బూజు దూది పోగుల్లా పొడుగ్గా, తడిసిన పత్తిలా ఊగుతూ, ఎక్కువగా పాత గాయం మీదో చచ్చిన గుడ్ల మీదో వస్తుంది, నెమ్మదిగా పెరుగుతుంది. కాలమ్నారిస్ పొట్టిగా, అంటుకుపోయినట్టు, మూతి దగ్గరో, వీపు మీద గుర్రపు జీను వేసినట్టో వస్తుంది, ఒకటి రెండు రోజుల్లో చంపుతుంది. దీనికి నీళ్లు చల్లబరచాలి, జబ్బు చేపని వెంటనే వేరు చేయాలి. ఆ రోజు నుంచి తెల్లగా ఏది కనబడినా అది చుక్కా, పోగా, పొరా అని చూడకుండా హీటర్ ముట్టుకోవడం మానేశాను.

చేపని చూడటానికి కూడా ఒక పద్ధతుంది. మేత వేసే వేళకి కాకుండా, లైట్లు ఆపి పావుగంట దూరంగా కూర్చోండి. మనిషిని చూస్తే గోల్డ్‌ఫిష్ ఆకలి నటిస్తుంది, జబ్బు దాస్తుంది. మొప్పలు నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటున్నాయో లెక్కపెట్టండి, రెండు మొప్పలూ సమానంగా కదులుతున్నాయా చూడండి. ఒకటే కదులుతుంటే మొప్పల్లో పురుగులుండొచ్చు. చీకట్లో టార్చి పక్కనుంచి వేస్తే ఒంటి మీద బంగారు పొడి చల్లినట్టు మెరిస్తే అది వెల్వెట్ జబ్బు. పగటి వెలుగులో ఇది దొరకదు. మలం ఎలా ఉందో చూడండి. తెల్లగా, దారంలా, రోజుల తరబడి వస్తుంటే పేగుల్లో పరాన్నజీవి ఉండొచ్చు. ఫ్లవర్‌హార్న్, డిస్కస్, ఆస్కార్ చేపలు పెంచేవాళ్లకి ఇది బాగా తెలిసిన తలనొప్పి. గప్పీల వెనకనుంచి ఎర్రటి దారాలు పోగుల్లా వేలాడుతుంటే అవి కమల్లనస్ పురుగులు. పశువుల మందుల షాపులో దొరికే లెవమిసోల్ లీటరుకి 2 మిల్లీగ్రాముల చొప్పున ఒక రోజు పెట్టి నీళ్లు మార్చి, రెండు మూడు వారాలకి మళ్లీ చేస్తే పోతాయి. తూకం చూడ్డానికి వంటింటి త్రాసు పనికిరాదు, బంగారం తూచే చిన్న డిజిటల్ త్రాసు కావాలి.

కంటికి కనబడే పురుగులు రెండున్నాయి. ఒంట్లోంచి పుల్లలా బయటికి పొడుచుకొచ్చి కొసన రెండు తోకలున్నట్టుండేది లంగరు పురుగు. గోరు మీద చుక్క అంత, పారదర్శకంగా, చేప ఒంటి మీద పాకేది చేప పేను. కైకలూరు, భీమవరం వైపు చెరువుల రైతుల్ని అడిగితే పేను గురించి గంటసేపు చెప్తారు. శీలావతి, బొచ్చె చేపల్లో అది వాళ్లకి ఏటా ఉండే బెడద. కొత్త చేపల మీద, ఎక్కువగా చెరువుల్లో పెంచిన గోల్డ్‌ఫిష్, కోయి చేపల మీద మన ట్యాంకులోకి వస్తుంది. చేపని తడి గుడ్డలో పట్టుకుని, చిన్న పట్టకారుతో పురుగుని మొదలంటా లాగి, ఆ చోట బీటాడిన్ తడిపిన దూదితో అద్దాలి. మొప్పల మీద మాత్రం పడనివ్వకండి. లంగరు పురుగుని మధ్యలో పట్టి లాగితే తల లోపలే ఉండిపోతుంది. మిగతా ట్యాంకులో గుడ్లు, పిల్లలు ఉంటాయి కాబట్టి పొటాషియం పర్మాంగనేట్ లాంటిది అవసరమవుతుంది. కానీ దాని మోతాదులో తప్పితే చేపల మొప్పలే కాలిపోతాయి. మొదటిసారి తెలిసినవాళ్లు పక్కనుండగా చేయండి.

పొలుసులన్నీ లేచి పైనుంచి చూస్తే దేవదారు కాయలా కనబడితే దాన్ని డ్రాప్సీ అంటారు. నిజానికి అది జబ్బు పేరు కాదు, మూత్రపిండాలు చేతులెత్తేశాయని చెప్పే లక్షణం. అప్పటికే ఆలస్యమై ఉంటుంది. విడిగా పెట్టి ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్, తినే ఉప్పు కాదు) ఇరవై లీటర్లకి పావు చెంచా వేసి చూడొచ్చు, నా చేతిలో బతికినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బాధపడుతున్న చేపని ఫ్రిజ్‌లో పెట్టడం, టాయిలెట్‌లో పోయడం చేయకండి. పంటినొప్పికి మందుల షాపులో అమ్మే లవంగ నూనెని లీటరు నీళ్లకి కొద్ది చుక్కలు బాగా గిలక్కొట్టి కలిపితే చేప నిద్రలోకి జారుతుంది. అది నిద్రపోయాక ఇంకాస్త పోసి, మొప్పలు ఆగాక కూడా అరగంట ఉంచాలి. బతికున్న చేపని మాత్రం చెరువులో వదలొద్దు. అద్దాలు శుభ్రం చేస్తుందని కొని, పెద్దదయ్యాక వదిలేసిన సక్కర్ చేపలు ఇప్పుడు మన చెరువుల్లో వలలు చింపుతున్నాయి.

బొద్దుగా ఉండే ఒరాండా, ర్యూకిన్ లాంటి గోల్డ్‌ఫిష్ రకాలు తలకిందులుగా తేలితే అందరూ ఈత తిత్తి (చేపని నీళ్లలో తేల్చే గాలి సంచి) జబ్బు అంటారు. చాలాసార్లు అది మలబద్ధకమే. తేలే గుళికల మేత తింటూ గాలి కూడా మింగుతుంది, గుళిక కడుపులో ఉబ్బుతుంది. మూడు రోజులు పస్తుంచి, తర్వాత ఉడికించి తొక్క తీసిన పచ్చిబఠాణీ చిన్న ముక్క పెట్టండి. మేతని ఎప్పుడూ నానబెట్టి, మునిగేలా వేయండి.

పిల్లలున్న ఇల్లు కాబట్టి ఒక మాట. సైఫన్ పైపుని నోటితో పీల్చే అలవాటు మనలో చాలామందికి ఉంది, మానేయండి. చేతికి తెగినప్పుడు ట్యాంకులో చెయ్యి పెట్టకండి. చేపల క్షయ అనే జబ్బుకి కారణమైన బ్యాక్టీరియా, మైకోబ్యాక్టీరియం మరీనమ్, గాయం ద్వారా మనిషికి అంటి వేళ్ల మీద మానని పుండ్లు లేపుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్తే ఇంట్లో ఆక్వేరియం ఉందని చెప్పండి, చెప్పకపోతే వాళ్లకి తట్టకపోవచ్చు.

ఇక మీ ట్యాంకు వచ్చే నెల రోజులు ఎలా నడపాలో చెప్తాను. మొదటి వారం రోజూ పరీక్ష చేయండి. అమ్మోనియా గానీ నైట్రైట్ గానీ 0.5 చేరితే ఆ రోజు మూడో వంతు నుంచి సగం దాకా నీళ్లు మార్చండి. మొత్తం నీళ్లు ఇంకెప్పుడూ తీయొద్దు. స్పాంజి మురికై నీళ్లు పోవడం తగ్గితే, ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే బకెట్‌లో రెండుసార్లు పిండి మళ్లీ పెట్టండి. యాంటీ క్లోరిన్ దొరకకపోతే పాత ఫోటో స్టూడియో వాళ్లు వాడిన హైపో పలుకులు వేయండి, అందులో ఉండేది అవే. 50 లీటర్లకి అర గ్రాము నుంచి గ్రాము చాలు. లేదా నీళ్లు వెడల్పాటి టబ్బులో పట్టి ఎయిర్ స్టోన్ వేసి ఒక రోజు ఉంచండి. మేత రెండు రోజులకోసారి, చేప కన్ను అంత గుళికలు రెండు మూడు. పాపకి వేయాలనిపిస్తే లెక్కపెట్టి చేతిలో పెట్టండి, డబ్బా ఇవ్వకండి.

తెలిసినవాళ్లెవరి దగ్గరైనా ఆరు నెలలకు పైబడి, జబ్బులేమీ లేకుండా నడుస్తున్న ట్యాంకు ఉంటే, వాళ్ల ఫిల్టర్ స్పాంజిలో సగం ముక్క అడిగి తెచ్చుకోండి. తడి ఆరకుండా వాళ్ల నీళ్లలోనే తెచ్చి మీ ఫిల్టర్‌లో పెడితే ఆరు వారాల పని పది రోజుల్లో అవుతుంది. సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా కంటే నాకు దీని మీదే నమ్మకం.

మూడు గోల్డ్‌ఫిష్‌లకి కూడా 45 లీటర్లు ఇరుకే. అవి పెరిగితే అరచేతికంటే పెద్దవవుతాయి. నాలుగడుగుల ట్యాంకుకి చోటుంటే మంచిది, లేకపోతే రెండింటిని ఎవరికైనా ఇవ్వడం గురించి పాపతో ఇప్పుడే మాట్లాడండి. చనిపోయిన చేప స్థానంలో కొత్తది తేవాలని ఆదివారం షాపుకి వెళ్లొద్దు. మన షాపులకొచ్చే చేపల్లో చాలావరకు చెన్నై కొళత్తూరు నుంచో, కోల్‌కతా నుంచో ఆక్సిజన్ కవర్లలో వస్తాయి. దారిలో అలిసి, షాపులో పదిరకాల చేపల మధ్య వారం ఉండి, మన ఇంటికొచ్చాక జబ్బు బయటపెడతాయి. తెచ్చినదాన్ని మూడు నాలుగు వారాలు విడిగా ఒక ప్లాస్టిక్ టబ్బులో ఉంచి చూడాలి. అది మీ ట్యాంకు కుదురుకున్నాక చేసే పని.

రేపు నీలం పోయాక మూడు అంకెలు పంపండి: అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్. కుళాయి నీళ్లవి కూడా. ఆ చుక్కలున్న చేప ముందు రెక్కని టార్చి వెలుగులో ఫోటో తీసి పెట్టండి. తెల్లవారుజామున, అంటే ఐదింటప్పుడు, ఇంకా పైనే రొప్పుతున్నాయేమో ఒకసారి లేచి చూడండి. ట్యాంకులో మొక్కలుంటే రాత్రంతా అవి కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి, ఆ వేళకే అది అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. చెరువుల రైతులు ఏరేటర్లు వేసి గట్టు మీద తిరిగేది కూడా ఆ వేళప్పుడే.